మిరుగం నాటి కొర్రమట్టలు

మే 30, శుక్రవారం

మిరుగానికి జిలేబి చేపలు కావాలట! పార్సిల్ దుకాణం షెకీనా కబురు పంపింది.

ఎల్లమ్మకు చెప్పబోతే, "నా చెవులు నిండినయ్. నీ కోపం గోడకు చెప్పుకో పో" అని చాప చంకన పెట్టుకుని వాకిట్లోకి పోయింది. కట్టుకున్న పెళ్ళాం! గోడకెందుకు చెప్పుకోవాలి? బ్యాంకువాళ్ళు ఇచ్చిన డైరీ ఖాళీగా పడి ఉంది. రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలు ఇంకా చేతిలో ఉన్నాయి. తప్పులు పోతే పోనీ. చదివేది నేనే.

మల్కాజ్‌గిరి స్టేషన్ రోడ్డులో ఉంది ఆ దుకాణం. బల్లలు లేవు, కుర్చీలు లేవు. వేయించిన చేప, పులుసు, అన్నం డబ్బాల్లో కట్టిస్తే జనం ఇళ్ళకు పట్టుకుపోతారు. షెకీనా మా చెరువు చేప తప్ప ఇంకోటి కొనదు. అది నిజమే, నేను కాదనను. ఐసు పెట్టెల లారీలు దిగడం మొదలయ్యాక మార్కెట్టులో మా గంపల వైపు చూసేవాడు లేడు. మా మత్స్యకారుల సంఘంలో పాతిక ఇళ్ళున్నాయి. ఆ ఇళ్ళ ఆడవాళ్ళందరూ ఇవాళ షెకీనా పేరు చెప్పుకునే పొయ్యి వెలిగిస్తున్నారు. మా కోడలు భవాని రోజూ పొద్దున్నే అందరి చేపా స్కూటీ మీద వేసుకుపోయి అక్కడ దించి వస్తుంది.

అయితే మాత్రం? మిరుగం అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజు, ఆనాడు ఈ పట్నంలో చేప వండని ఇల్లు ఉండదు. ఆ రోజు మా చెరువు నుంచి పోయేది కొర్రమట్ట, దుకాణాలవాళ్ళ కొర్రమీను. మా నాయన కాలం నుంచీ అంతే. కొర్రమట్ట అంటే చేపల్లో మొగోడు. గంప మూత తీస్తే మన కళ్ళలోకి చూస్తుంది. మరి జిలేబి? మురుగులో వేసినా బతుకుతుంది. ఎవడు తెచ్చి వదిలాడో, చెరువంతా అదే. ఒకప్పుడు మేము దాన్ని బాతులకు వేసేవాళ్ళం.

భవాని నవ్వుకుంటూ చెప్పింది.

"మామా, దసరా దాక మట్టలు ఒద్దన్నది షెకీనక్క. వానలల్ల పిల్లలు వెడ్తయ్ గద. చెరువుల ఏది ఎక్వ ఉంటె గదే తెమ్మన్నది. జిలేబి, పరకలు. గవే ఫ్రై చేస్తదంట. బోర్డు సుత రాసింది."

"ఏం రాసింది?"

"కొర్రమీను దసరా తర్వాతనే అని."

బోర్డు రాసిందట. సంఘం పెద్దను నేను బతికే ఉన్నాను. నా చెరువులో ఏది పట్టాలో మల్కాజ్‌గిరిలో రాస్తారా?

జూన్ 2, సోమవారం

పోయి అడిగాను. అడగకుండా ఊరుకునే మనిషిని కాను.

"ఏందమ్మా, మట్టలొద్దన్నవంట?"

"రండి తాతగారూ, ఎండలో వచ్చారు. ముందు మజ్జిగ తాగండి."

తాగలేదు.

"మా తాతగారిది భీమిలి దగ్గర పల్లె. అక్కడ ఎండాకాలంలో రెండు నెలలు వేట మానేస్తారు. పడవలన్నీ ఒడ్డుకు లాగేస్తారు. చేప గుడ్లు పెట్టే కాలం కదా. చెరువుకీ ఒక సెలవు ఉండొద్దా?"

"నీ సముద్రం ముచ్చట నీ సముద్రానికి చెప్పు. మా చెరువుకు నేనున్న."

"మీరున్నారనే కదండీ నా ధైర్యం." మెత్తగానే అంది. ఆ మెత్తదనమే నాకు పడదు. "నిరుడు మట్టలు తొట్టి నిండా వచ్చేవి. ఇప్పుడు అడుగున ఒకటో రెండో. అయిపోయాయా తాతగారూ?"

అయిపోయాయా అని అడిగింది! వరసలో నిలబడ్డ జనం అందరూ విన్నారు.

"అయిపోవుడా? నా చెరువులనా? మిరుగం నాడు నేనే తెస్త. నీ కండ్లతోటి చూడు. గంగాళం పెద్దది వెట్టుకో."

"తాతగారూ, నేను అనేది..."

నేను వినలేదు. కాప్రా దాకా బస్సులో నిలబడే వచ్చాను. ఒక పిల్ల లేచి సీటు ఇవ్వబోయింది. ఆమె మీద కూడా అరిచాను.

మట్టలు అయిపోలేదు. తెలివిమీరి లోతుకు పోయాయి, అంతే.

జూన్ 4

వల వేశాను. జిలేబి.

జూన్ 5

జిలేబి. ఒక బంగారుతీగ. మళ్ళీ జిలేబి. నీళ్ళు కలకబారి ఉన్నాయి, అందుకే.

జూన్ 6, శుక్రవారం

కట్ట మీద తుకారాం వల అల్లుకుంటున్నాడు. నన్ను చూసి పళ్ళు బయటపెట్టాడు.

"పర్వతాలు మామా, దొరికినయా?"

"నీ పని నువ్వు చూస్కో."

తుకారాంకు నా మీద కసి. ఉండనీ. నిరుడు వానాకాలం వాడు పిల్లలున్న మట్టలను పట్టాడు. మట్ట పిల్లలు పుట్టినప్పుడు ఎర్రగా ఉంటాయి. వందలాది కలిసి ఒక ముద్దలాగా నీటి మీద తిరుగుతాయి. తల్లీ తండ్రీ కింద కావలి ఉంటాయి. తిండి కూడా తినవు. పిల్లలు నల్లబడి చెదిరిపోయే దాకా అక్కడి నుంచి కదలవు. అట్లాంటి జోడీని పట్టినవాడి వలను గంగమ్మ గద్దె దగ్గర కట్టేస్తాం, దసరా దాకా విప్పం. మా తాతల నాటి కట్టుబాటు. తుకారాం వల నా చేత్తోనే కట్టాను. ఆ నాలుగు నెలలూ వాడు అల్వాల్‌లో సిమెంటు బస్తాలు మోశాడు. మోయనీ. తప్పు చేస్తే మోయాలి.

"తూము కాడ ఒక జోడి ఉన్నది మామా, పిల్లలతోటి. చూసినవా? కుంకుమ ముద్ద లెక్క ఉన్నయ్."

"నాకు చెప్తున్నవా? నాకు తెల్వదా?"

"తెల్సు గాబట్టే చెప్తున్న. దుకాణం కాడ మాట ఇచ్చినవంట గద. అటు దిక్కు పోకు."

నాకు చెబుతున్నాడు. వాడు, నాకు!

జూన్ 7, శనివారం

తూము దగ్గర పిల్లలు నల్లబడ్డాయి. దగ్గరికి పోయి చూశాను. మే నెల వానలకే పుట్టినట్టున్నాయి, నలుపు తిరిగాయి. ఎండ పడితే ఎర్రగా కనిపిస్తాయి గాని నలుపే. నల్లబడ్డాక తల్లి ఎట్లాగూ వదిలేస్తుంది. వదిలేసే తల్లిని పడితే తప్పేముంది?

సాయంత్రం విసురువల భుజాన వేసుకుపోయాను. ఒక్క విసురు. రెండూ పడ్డాయి. పారిపోవచ్చు, పోలేదు. పిల్లలు వల కళ్ళలోంచి కిందికి జారిపోయాయి.

నా చేయి ఇంకా గట్టిగానే ఉంది. ముసలోడు ముసలోడు అనేవాళ్ళు వచ్చి చూడాలి.

నల్లగానే ఉన్నాయి.

జూన్ 8, ఆదివారం

మిరుగం.

పొద్దున్నే బకెట్లో నీళ్ళు పోసి, రెండు మట్టలనూ వేసి, పైన తడి గోనె కప్పి బస్సెక్కాను. పోయేసరికి షట్టర్ దించి ఉంది. ఆదివారం కదా, చర్చికి పోయారట. వాళ్ళ చర్చి వాళ్ళది, నేనేమీ అనను. కాని మిరుగం నాడు సంఘం పెద్ద షట్టర్ ముందు మెట్టు మీద కూర్చోవాలా? పంక్చర్ దుకాణం వాడిని అడిగి నీళ్ళు మార్చాను. దారిన పోయే ప్రతివాడూ గోనె ఎత్తి చూసేవాడే.

"తాతా, ఎట్లిస్తవ్?"

"అమ్మేటియి గావు. పో."

మధ్యాహ్నానికి వచ్చారు, షెకీనా, ఆమె మొగుడు ఆషర్. వెనకనే భవాని, స్కూటీ మీద జిలేబి డబ్బాలతో. అప్పటికే జనం వరస రోడ్డు దాకా పోయింది. నేను అందరి ముందూ గోనె తీశాను.

"చూడు. అయిపోయినయా అన్నవ్ గద."

షెకీనా వంగి చూసింది. "ఎంత బాగున్నాయో" అంది. నాకు ఛాతీ పొంగింది, అబద్ధమెందుకు. భవాని కూడా చూసింది. మట్టల పొట్టలు చూసి, నా మొహం చూసి, పక్కకు తిరిగింది. దానికేమైంది?

"నేను వీటిని తీసుకోలేను తాతగారూ."

"అమ్మకానికి గాదు. మిరుగం మర్యాద. ఊరికే ఇస్తున్న."

"మర్యాద నెత్తిన పెట్టుకుంటాను. కాని బోర్డు రాసి పెట్టి నేనే వండితే రేపు నా మాట ఎవరు నమ్ముతారు? ఇంకా బతికే ఉన్నాయి. తీసుకుపోయి చెరువులో వదిలేయండి, మీకు దండం పెడతాను."

"మిరుగం నాడు నేను తెచ్చిన మట్టను వాపస్ జేస్తవా?"

ఎవడో వరసలోంచి అరిచాడు. "అక్కా, నువ్వొద్దంటె మాకియ్యి! తాతను సుత తీస్కపోతం, ఇంట్ల వండిపెడ్తడు!"

అందరూ నవ్వారు. ఆషర్ కూడా నవ్వు ఆపుకున్నాడు, నేను చూశాను.

అప్పుడు అన్నాను. "రేపట్నుంచి మా చెరువు చేప ఒక్కటి సుత నీ గడప తొక్కది. ఐసు లారీది తెచ్చి అమ్ముకో పో."

"మామా! గట్లనకు మామా!" భవాని నా చేయి పట్టుకుంది. విదిలించేశాను.

అన్నాను. అన్నదే. సంఘం పెద్ద మాట అంటే మాటే.

జూన్ 9

ఆడవాళ్ళు గంపలు మార్కెట్టుకు మోసుకుపోయారు. అవే గంపలు వెనక్కి మోసుకొచ్చారు. ఎండకు జిలేబి మెత్తబడిపోయింది. ఎల్లమ్మ తన గంప తెచ్చి నా మంచం ముందు కుమ్మరించింది.

"తిను. అన్ని నువ్వే తిను. పాతిక ఇండ్ల పొయ్యిల మీద ఒక్క మాటతోటి నీళ్ళు పోసినవ్."

"దాని దుకాణం కాకపోతే ఇంకో దుకాణం."

"ఏది? చూపియ్యి. నీ మీసం పట్కొని ఎన్ని దుకాణాలు తిరుగుదాం?"

షెకీనా లారీ చేప తెచ్చి అమ్ముకుంటుందనుకున్నాను. అమ్మలేదట. "ఇవాళ చేప లేదు" అని రాసిపెట్టి గుడ్డు పులుసు కట్టిస్తోందట. వచ్చినవాళ్ళు సగం మంది వెనక్కి పోతున్నారట. భవాని చెప్పింది, నాతో కాదు, ఎల్లమ్మతో, నాకు వినపడేట్టు.

ఎందుకు అమ్మదు? అమ్మితే నేను అన్నది నిజమయ్యేది కదా. మొండిది. ఇంత మొండిదాన్ని నేను ఎక్కడా చూడలేదు.

జూన్ 10, మంగళవారం

వెనక్కి తెచ్చి ఇంటి తొట్టిలో వేసిన మట్టల్లో పెద్దది చచ్చిపోయింది. భవాని నీళ్ళు మార్చలేదు. నేను చెప్పలేదనుకో. చెప్పకపోతే మార్చొద్దా?

కూర వండమని ఎల్లమ్మకు ఇచ్చాను. కత్తిపీట పక్కకు తోసేసింది.

"నేను కొయ్య. పిల్లల తల్లిని నేను కొయ్య."

"పిల్లల తల్లని ఎవడు చెప్పిండు?"

"దాని పొట్ట చెప్తలేదా? ఎన్నొద్దులు పస్తులున్నదో! నీకు కనవడలేదా, కనవడనట్టు ఉన్నవా?"

జామచెట్టు కింద గుంత తీసి పూడ్చాను. కొర్రమట్టను మట్టిలో పూడ్చిన బెస్తవాడు మా వంశంలో ఎవడూ లేడు.

రెండోది తొట్టి అంచు వెంబడి గుండ్రంగా తిరుగుతూనే ఉంది. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతోంది.

జూన్ 11

రెండోదాన్ని వదిలి వచ్చాను.

చీకట్లో పొమ్మంది ఎల్లమ్మ. నేనేమన్నా దొంగనా? బాగా పొద్దెక్కాక, కట్ట మీద తుకారాం, ఆడవాళ్ళు అందరూ ఉండగా బకెట్ పట్టుకుని వాళ్ళ మధ్యలోంచే పోయాను. తూము దగ్గర మోకాలి లోతు దిగి వంచాను. మట్ట కాసేపు నా కాలి దగ్గరే ఆగింది. తర్వాత పోయి, పిల్లలు తిరిగిన చోటే తిరిగింది. ఒక చుట్టు, ఇంకో చుట్టు. అక్కడ జిలేబి తప్ప ఏమీ లేదు. మందలు మందలుగా నోళ్ళు ఆడిస్తూ తిరుగుతున్నాయి. ఒక్క పిల్ల లేదు. చాలాసేపు చూశాను.

ఆ రోజు ఎర్రగానే ఉన్నాయి.

తుకారాం అంతా చూశాడు. తిడతాడనుకున్నాను. తువ్వాల దులుపుకుని పోయాడు. తిడితే వాడి సొమ్మేం పోయింది?

జూన్ 13, శుక్రవారం

సంఘం కూర్చోవాలని నేనే కబురు పెట్టాను. గద్దె ముందు అందరూ చేరారు. దాచలేదు. తూము దగ్గరి జోడీని పట్టింది నేనే అని చెప్పాను. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ముందే తెలుసు అందరికీ. మరి ఇన్ని రోజులు నోరు మూసుకుని ఎందుకు కూర్చున్నారు?

తుకారాం లేచాడు. "పోనియ్యుండ్రి. పెద్దోడు. ఎందుకో అట్లయింది. ఇడిసిపెడదాం."

తలలు ఊపారు, అందరూ! నాకు నెత్తి మీద నిప్పులు పోసినట్టయింది.

"ఒరేయ్, నిరుడు నీ వల కట్టిన నాడు నేను పోనియ్యుండ్రి అన్ననా?"

"అన్లే."

"మరి నన్ను ఇడిసిపెట్టనికి నువ్వెవడ్రా? నేను ముసలోణ్ణయిననా? నా వల కడ్తే ఎంత, కట్టకపోతే ఎంత అనా?"

"గట్ల గాదు మామా..."

"గట్లనే! లే. కట్టు."

వాడు లేవలేదు. తల దించుకుని కూర్చున్నాడు. జాలి పడుతున్నాడు నా మీద! అప్పుడు ఎల్లమ్మ ఆడవాళ్ళలోంచి లేచి వచ్చింది. నా భుజం మీది వల లాక్కుంది.

"జరుగుండ్రి. ఈన్ని గిట్ల ఇడిసిపెడ్తే దసరా దాక నాకు నిద్ర వట్టనియ్యడు."

అందరూ నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. వలను గద్దె పక్క రాతికి చుట్టి ముడి మీద ముడి వేసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఇంగొకటి. షెకీనకు చేప బంద్ అన్నవు గద, సంఘాన్ని అడిగి అన్నవా?"

"లేదు."

"అయితే గది నీ మాట. సంఘం మాట గాదు. రేపు భవాని చేప తీస్కపోతది. కాదన్నోళ్ళు చెయ్యెత్తుండ్రి."

ఒక్క చేయి లేవలేదు. నేను ఎత్తలేదు. ఎత్తేవాణ్ణే. వల లేనివాడికి దసరా దాకా సంఘంలో చేయెత్తే హక్కు లేదు. అదీ నేను పెట్టిన కట్టుబాటే.

భవాని ఒక్కతే పోవద్దని చెప్పాను. "తిట్టిన నోరు నాది. నేనే పోత. మాఫీ అడగనికి గాదు. చేప దించనికి."

"ఎవలడిగిన్రు మామా, ఎందుకని?" అంది భవాని. దాని నోరు కూడా ఈ మధ్య పెద్దదయింది.

జూన్ 14, శనివారం

స్కూటీ వెనక కూర్చుని, రెండు జిలేబి డబ్బాలు పట్టుకుని పోయాను. కోడలి బండి వెనక! చూసినవాళ్ళు చూడనీ.

షెకీనా నన్ను చూసి గరిటె కింద పెట్టింది. ఏదో అంటుందని కాచుకుని ఉన్నాను.

"మజ్జిగ తాగుతారా తాతగారూ?"

"ముందు తూకమెయ్యి. ఎండకు ఖరాబైతది."

తూకం వేసింది. ఆషర్ పొలుసు గీకడం మొదలుపెట్టాడు. గీకడం వాడికి రాదు, తోక వైపు నుంచి కదా మొదలుపెట్టాల్సింది. కత్తి లాక్కుని నేనే గీకాను. ఎంత జిలేబి గీకానో! వేగుతుంటే వాసన బాగానే ఉంది. బాగానే ఉంది అని ఎవరితోనూ అనలేదు.

మధ్యాహ్నం వరసలోకి ఒకడు వచ్చాడు, తెల్ల చొక్కా, చేతిలో కారు తాళం.

"కొర్రమీను ఫ్రై రెండు."

"దసరా తర్వాత సార్" అంది షెకీనా. "ఇప్పుడు అవి పిల్లల్ని పెట్టే కాలం. జిలేబి తినండి, ఈ చెరువుదే, పొద్దున పట్టింది."

"ఇదేం ఫిష్ సెంటరమ్మా? కొర్రమీను లేకుండా! ఇదంత బిజినెస్ ట్రిక్కు. దాచిపెట్టి పెద్ద పెద్ద హోటళ్ళకు అమ్ముకుంటరు, మాకేమో చెత్త చేప."

షెకీనా మొహం చిన్నబోయింది. మళ్ళీ మెత్తగా ఏదో చెప్పబోయింది. మెత్తగా చెబితే ఇట్లాంటివాళ్ళు వింటారా? పొలుసు చేతులతోనే బయటికి వచ్చాను.

"ఓ సారూ, ఇటు చూడు. ఆ చెరువుకు పెద్దను నేను. మట్టలు దాచిపెట్టలే. లేవు. అయిపోయినయ్."

"అయిపోవుడేంది? నిరుడు నేను ఈడనే తిన్న."

"నువ్వు తిన్నవ్. నేను పట్టిన. అయిపోయినయ్. తూము కాడ ఒక్కటున్నది, ఒంటిది. దాని జోడును సుత మొన్న నేనే సంపిన. ఇంగ అడుగుతవా?"

భవాని డబ్బా చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడింది. నా గొంతు ఎంత దూరం పోయిందో, రోడ్డు అవతల పంక్చర్ దుకాణం వాడు కూడా లేచి చూస్తున్నాడు.

"జిలేబి తింటె తిను. లేకుంటె జరుగు. ఎన్కోళ్ళకు ఆకలైతున్నది."

రెండు డబ్బాలు కట్టించుకుని పోయాడు. నమ్మి కట్టించుకున్నాడో, భయపడి కట్టించుకున్నాడో, నాకెందుకు?

ఇంటికి వచ్చినా కోపం తగ్గలేదు. అంత ధైర్యమా, దాచిపెట్టామంటాడా? ఇట్లాంటివాళ్ళు రేపు ఇంకా వస్తారు. షెకీనాకు గట్టిగా చెప్పడం రాదు. దసరా దాకా నేనే పోవాలి.